తెర లేని పట్టిక

పదకొండో ల్యాప్‌టాప్ తుడుస్తుండగా కింద షట్టరు లేచిన చప్పుడు వినిపించింది. అతను చెయ్యి ఆపలేదు. తెరను పైనుంచి కిందికే తుడవాలి, గుండ్రంగా తిప్పితే వెలుతురులో మరకలు కనిపిస్తాయి. కీబోర్డు సందుల్లోని దుమ్ము చిన్న బ్రష్షుతో దులపాలి. మూతను కాస్త వెనక్కి వాల్చి ఉంచాలి. నిటారుగా ఉంటే ఎదురుగా నిలబడ్డ మనిషికి తన ముఖమే తెరలో కనిపిస్తుంది. తన ముఖం చూసుకున్న మనిషి ఇక ల్యాప్‌టాప్ చూడడు. ఇవన్నీ అతనికి ఎవరూ నేర్పలేదు. పద్నాలుగేళ్లుగా అదే గాజు బల్ల వెనక నిలబడి తెలుసుకున్నవి.

సన్నటి మనిషి. యాభై ఎనిమిదేళ్లు. చొక్కా చేతులు మణికట్టు దాకా దించి బొత్తాలు పెట్టుకుంటాడు. పెట్టెలు మోసీ మోసీ ఎడమ భుజం కొంచెం కిందికి వాలింది. వేళ్ల చివర్లు మాత్రం విచిత్రంగా బల్లపరుపుగా ఉంటాయి. ఈ దుకాణానికి రాకముందు పంతొమ్మిదేళ్లు టైపు ఇన్‌స్టిట్యూటులో పాఠం చెప్పాడు. మీటల వైపు చూసిన వాళ్ల కళ్లకు చేతిరుమాలు అడ్డం పెట్టేవాడు. టైపు మిషన్లను తూకానికి అమ్మేశాక ఇక్కడ చేరాడు.

దుకాణంలో అతన్ని అందరూ పట్టిక బాబాయ్ అంటారు. కొత్త మోడలు వచ్చినప్పుడల్లా తెల్ల అట్ట మీద స్కేలు పెట్టి గళ్లు గీస్తాడు. పైన మోడళ్లు, ఎడమ పక్కన గుణాలు. హెడ్డాఫీసు నుంచి అచ్చు కాగితాలు వస్తాయి గాని, వాటిని చదివిన వాళ్లు తలెత్తి, ఇంతకీ ఏది మంచిదండీ అని అడుగుతారు. ఇతని అట్ట చదివిన వాళ్లు అలా అడగరు. ర్యామ్ అన్న గడిలో వంట గట్టు అని రాసి ఉంటుంది. స్టోరేజీ అంటే అటక. ప్రాసెసర్ అంటే వండే మనిషి. అటకంత చోటున్నా గట్టు మీద రెండు గిన్నెలే పడితే వండే మనిషి ఏం చేస్తాడు అని అడుగుతాడు. వచ్చిన వాళ్లు నవ్వుతారు, అర్థమవుతుంది, పెట్టె తీసుకుని వెళ్తారు.

అతనికి మాత్రం ఇంట్లో ల్యాప్‌టాప్ లేదు. పోల్చి చూడటం పూర్తి కాలేదు అంటాడు. వాళ్లకు పిల్లలు లేరు. భార్య మాత్రం, నన్ను చేసుకునే ముందు పక్క గడిలో ఎవర్ని పెట్టి చూశారో ఆ అట్ట ఒక్కసారి చూపించండి అని ముప్పయ్యేళ్లుగా అడుగుతూనే ఉంది.

ఆ రోజు పని మూడు మోడళ్లది. ఒకటి సరికొత్తది, వేలు మందం కూడా లేదు. రెండోది వెడల్పాటిది, అంకెల మీటలు పక్కన వేరుగా ఉన్నవి. మూడోది కిందటేడుది, మందంగా ఉంటుంది. సాయంత్రానికి అట్ట పూర్తయితే మర్నాడు గాజు కింద పెడతారు. పన్నెండు వరసలు రాయాలి. ఫ్లోర్ ఇన్‌ఛార్జి అతనికన్నా పాతికేళ్లు చిన్న. పొద్దున్నే వచ్చి, కొత్తదాంట్లో ఏఐ మీట ఉంది కదా బాబాయ్, మొదటి వరస అదే రాయి, నొక్కగానే సాయానికి వస్తుంది, జనానికి అదే కావాలి అని చెప్పి వెళ్లాడు. అతను సరేనన్నాడు. మొదటి వరస ఖాళీ వదిలి రెండో వరస నుంచి మొదలుపెట్టాడు.

పదకొండున్నరకు ఇద్దరు ఆడవాళ్లు మెట్లెక్కి వచ్చారు. వాళ్లు వదినా ఆడపడుచులని కనిపించకముందే తెలిసిపోయింది. నెమ్మదిగా నడవమంటే నడవవు అని ఒక గొంతు, నీ వెనక నడిస్తే సాయంత్రమవుతుంది వదినా అని ఇంకో గొంతు. ఆడపడుచుకి ముప్పై ఏళ్లుంటాయి. గోధుమరంగు అద్దాలు పెట్టుకుంది. వదిన మోచేతిని పట్టుకుని ఉంది. ప్రేమ అనుకున్నాడు.

అలవాటు ప్రకారం తెర దగ్గర మొదలుపెట్టాడు. సరికొత్తదాన్ని ఆమె వైపు తిప్పి, ఎండలో కూడా ఎంత స్పష్టంగా కనిపిస్తుందో, రంగులు ఎన్ని రకాలో, బొమ్మ కదిలినప్పుడు ఎంత నున్నగా కదులుతుందో చెప్పాడు. ఆమె మర్యాదగా విన్నది. చిరునవ్వు మాత్రం తెరకు జానెడు ఎడంగా ఉంది.

“అన్నయ్యగారూ, తనకి చూపు లేదండీ” అంది వదిన.

అతని రెండు చేతులూ మూత మీద అలాగే ఉండిపోయాయి.

“తెర లేనిదుంటే ఇవ్వండి బాబాయ్‌గారూ. బరువు కలిసొస్తుంది” అంది ఆడపడుచు.

“దీనికన్నీ ఇలాంటి మాటలే” అంది వదిన, అతని ముఖం చూసి.

అతను అట్ట తీసి చూసుకున్నాడు. పన్నెండు వరసల్లో అయిదు తెరవి. పెన్సిలుతో ఆ అయిదింటి మీదుగా సన్నటి గీత గీశాడు. తర్వాత ఎవరినైనా మొదట అడగాల్సిన మాట, ఇవాళ అడగకుండా మొదలుపెట్టిన మాట, అడిగాడు. దీంతో ఏం పని చేస్తారమ్మా?

ఎల్లుండి ఒక ఆఫీసులో చేరాలని ఆమె చెప్పింది. దరఖాస్తులు పెట్టుకున్న వాళ్లకు ఫోన్ చేసి, వాటి సంగతి చెప్పడం పని. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే గొంతు కంప్యూటర్‌లోనే ఉంటుంది. అది చెబుతుంది, తను ఫోన్లో చెబుతుంది. ల్యాప్‌టాప్ మీరే తెచ్చుకోండి అన్నారు. అంతకుముందు కూడా ఇదే పని ఇంకోచోట చేసింది. అక్కడినుంచి తీసేశారు.

ఎందుకు తీసేశారని అతను అడగలేదు. ఆమే చెప్పింది. తెర మీద ప్రతి దరఖాస్తు ఎదుటా సంపూర్ణం అనో అసంపూర్ణం అనో ఉంటుంది. అసంపూర్ణమైతే ఫలానా కాగితం తెచ్చివ్వండి అని చెప్పాలి. దరఖాస్తు అసంపూర్ణంగా ఉన్న పదకొండు మందికి ఆమె సంపూర్ణం అని చెప్పింది. వాళ్లు నమ్మి కూర్చున్నారు. గడువు దాటిపోయింది. ఆఫీసువాళ్లు ముగ్గురు ఆమె వాడే కంప్యూటర్ ముందు కూర్చుని పరీక్షించారు. గొంతు సరిగ్గానే చదువుతోంది. ఇంట్లో ఆమె అన్నయ్య చెవులకు పరీక్ష చేయించాడు. చెవులూ బాగానే ఉన్నాయి. ఇక మిగిలింది పరధ్యానం. ఆ మాట ఆఫీసులో అన్నారు, ఇంట్లోనూ అన్నారు. ఇంకొక్కసారి అలా జరిగితే తనకు ఈ పని కూడా ఎవరూ ఇవ్వరని ఆమె మామూలు గొంతుతోనే చెప్పింది. అందుకని శబ్దం బాగా వినిపించేది కావాలి.

అతను మూడు ల్యాప్‌టాప్‌లను వరసగా పెట్టి, ఒక కుర్చీ తెచ్చి, ఆమె చేతులను మొదటిదాని మీదికి తీసుకెళ్లమని వదినకు చెప్పాడు. ఆమె చేతులు అప్పటికే అక్కడ ఉన్నాయి.

పద్నాలుగేళ్లలో అతను చూడనివన్నీ ఆ వేళ్లు పావుగంటలో చూశాయి. సరికొత్తదాంట్లో ఆన్ చేసే మీట చెరిపే మీట పక్కనే ఉంది. రెండూ ఒకే సైజు, మధ్య గట్టయినా లేదు. తప్పు చెరపబోతే మిషనే ఆరిపోతుంది. కింద వేలితో రాసే టచ్‌ప్యాడ్ పలకకు అంచులు లేవు, ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో తెలియదు. చూడకుండా వేళ్లు పెట్టుకోవడానికి ఎఫ్, జె మీటల మీద ఉండాల్సిన గుర్తులు ఉన్నాయో లేవో అన్నట్టున్నాయి. ఆమె కుడిచేతి వేలు కింది వరసలో ఏదో వెతికింది. మెనూ మీట. మౌస్ వాడని మనిషి రోజుకు వందసార్లు నొక్కే మీట. అది ఉండాల్సిన చోట కొత్త ఏఐ మీట ఉంది. నొక్కితే తెర మీద ఓ కిటికీ తెరుచుకుని, మీకేం సాయం కావాలి అని గొంతు అడిగింది.

“నా మీట తీసుకుని నాకే సాయం చేస్తానంటోంది వదినా.”

వదిన నవ్వింది. అతనికీ నవ్వొచ్చింది గాని, అట్ట మీద ఖాళీగా ఉన్న మొదటి వరస గుర్తొచ్చి ఆగిపోయాడు.

రెండోదాంట్లో మెనూ మీట ఉంది కాని, పక్కన అంకెల మీటలున్నందువల్ల మొత్తం కీబోర్డు ఎడమకు జరిగింది, చేతులు వంకరగా పెట్టుకోవాలి. మూడోది, ఆ మందపాటిది, ఆమె వేళ్లకు వెంటనే లొంగింది. అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. ఫ్యాను మాత్రం రొద చేస్తోంది. శబ్దం కోసమే వచ్చిన మనిషికి అది పనికొస్తుందా అని అతనికి సందేహం కలిగింది. సరికొత్తదాని స్పీకర్లు నాలుగు. అవి పైకి తిరిగి ఉంటాయి. గొంతు గంటలా ఉంటుంది.

విని తేల్చుకుందామన్నాడు. మూడింట్లోనూ చదివే గొంతును మేల్కొలిపి, ఇరవై వరసలు టైపు చేశాడు. సంపూర్ణం, అసంపూర్ణం, అసంపూర్ణం, సంపూర్ణం, అలా కలగాపులగంగా. ఆమె ఒక్కో వరసకూ కిందికి దిగుతూ విన్నదాన్ని పైకి చెబుతుంది. అతను టిక్కులు పెడతాడు. ఆఫీసులో లాగే చెయ్యమన్నాడు. అంటే ఒకటి విన్నాక, ఫోన్లో మాట్లాడేంత సేపు ఆగి, తర్వాతి దానికి దిగాలి.

సరికొత్తదాని మీద ఆరు తప్పులొచ్చాయి.

ఆమె ముఖం ఏమీ మారలేదు. రెండు చేతులూ ఒళ్లోకి తీసుకుంది. వదిన సంచీ జిప్పు మూసింది. గొంతు స్పష్టంగానే చదివిందమ్మా, నేనూ విన్నాను అని అతను నెమ్మదిగా అన్నాడు. నేనూ విన్నానండీ అంది వదిన. ఆమె, పర్లేదు బాబాయ్‌గారూ, మీ టైము తిన్నాం అని లేచింది.

అతను టిక్కుల కాగితం చూస్తూ ఉన్నాడు. గళ్లు గీసిన మనిషి కాబట్టి కనిపించింది. ఆరు తప్పులూ ఒకే రకం. అసంపూర్ణం ఉన్నచోట ఆమె సంపూర్ణం అంది. ఒక్కసారి కూడా అటుది ఇటు కాలేదు. పరధ్యానం అయితే రెండు వైపులా తప్పులు పడాలి. టైపు ఇన్‌స్టిట్యూటులో పరధ్యానం పిల్లల్ని పంతొమ్మిదేళ్లు దిద్దాడు. పరధ్యానానికి వరస ఉండదు.

కూర్చోండమ్మా ఒక్క నిమిషం అన్నాడు. ఫోన్ల సెక్షన్ అమ్మాయిని పిలిచి, నేను వెనక్కి తిరుగుతాను, నువ్వు ఆగి ఆగి ఒక్కో వరస కిందికి దింపు అని చెప్పాడు. బల్లకు వీపు పెట్టి నిలబడి కళ్లు మూసుకున్నాడు. గోడ అవతల లిఫ్టు కదులుతోంది. ఎవరో ఫోన్ కవరు బేరమాడుతున్నారు. ల్యాప్‌టాప్ గొంతు వచ్చింది.

సంపూర్ణం.

“ఏముంది అక్కడ?”

“అసంపూర్ణం బాబాయ్” అంది ఫోన్ల సెక్షన్ అమ్మాయి. “అసంపూర్ణం అనే అందిగా.”

“నువ్వు చూస్తున్నావు కాబట్టి అలా వినిపించింది. ఇటు వచ్చి నిలబడు.”

ఆ అమ్మాయి వచ్చి కళ్లు మూసుకుంది. వదిన కూడా, ఎవరూ చెప్పకుండానే, లేచి వెనక్కి తిరిగి కళ్లు మూసుకుంది. అతను మీట నొక్కాడు. ఆగాడు. మళ్లీ నొక్కాడు. ఆడపడుచుతో కలిపి ముగ్గురూ ఒకటే మాట చెప్పారు, ముగ్గురిదీ తప్పే.

సంగతి చిన్నదే. బ్యాటరీ మిగల్చడానికి ఈ పల్చటి మోడలులో స్పీకరు మాట లేనప్పుడు కునుకు తీస్తుంది. మళ్లీ మాట వచ్చినప్పుడు లేవడానికి దానికి రెప్పపాటు పడుతుంది. ఆ రెప్పపాటులో మొదటి అక్షరం వెళ్లిపోతుంది. మిగతా మాటలకు దానివల్ల నష్టం లేదు, మనసు పూడ్చుకుంటుంది. ఈ ఒక్క మాటకు మొదటి అక్షరంలోనే అంతా ఉంది. పరీక్షించిన ఆఫీసువాళ్లు ముగ్గురికీ కళ్లున్నాయి. పోయిన అక్షరాన్ని చెవికి వాళ్ల కళ్లే అందించాయి.

“అక్కడ మీకిచ్చింది ఎలాంటిదమ్మా?”

“ఇలాగే పల్చగా ఉండేది. అందరూ బావుందనేవాళ్లు.”

“అయితే తప్పు మీ చెవిది కాదు. మీ ధ్యాసదీ కాదు. మిషనుది.”

ఆమె అద్దాలు తీసి, పైట చెంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంది. వదిన సంచీ జిప్పు తెరిచింది, మూసింది.

“పరధ్యానం అని నేనూ అన్నానే” అంది వదిన.

“నువ్వొక్కదానివే కాదులే వదినా. నేనూ అనుకున్నాను.”

మూడోదాని మీద ఇరవైకి ఇరవై వచ్చాయి. దాని స్పీకరుకు కునుకు తెలియదు. ఫ్యాను రొదలో కూడా అ అన్న అక్షరం మేకు దిగినట్టు వినిపించింది. అదే తీసుకుంటానని ఆమె చెప్పింది. చదివే గొంతుకు కావలసినవన్నీ అమర్చి, ముఖం చూపించి తెరిచే ఏర్పాటు తీసేసి వేలిముద్రతో తెరుచుకునేట్టు సిద్ధం చేసి, రేపు పొద్దున్న తెరవగానే ఇస్తానన్నాడు. ఆమె ఇంకొకటి అడిగింది. ఎఫ్, జె మీటల మీద గుర్తులు దీంట్లో కూడా సన్నంగా ఉన్నాయి, కాస్త ఎత్తు చెయ్యడానికి ఏమైనా ఉందా? చూస్తానన్నాడు.

మధ్యాహ్నం స్టోరు రూములో అట్టపెట్టె మీద కూర్చుని అన్నం తిన్నాడు. భార్య ఫోన్ చేసింది. మామూలుగా తిన్నారా, తిన్నాను, మాత్ర వేసుకున్నారా, వేసుకున్నాను, అంతటితో అయిపోతుంది. ఆమె చెబుతున్న మాటలు ఇవాళ కళ్లు మూసుకుని విన్నాడు. మోకాలి నొప్పి, పక్కింటి వాళ్ల కుళాయి, సాయంత్రం తెచ్చే కూర. గొంతు చివర చిన్న బొంగురు ఉంది. అది ఎప్పటినుంచి ఉందో తెలియలేదు.

“ఏంటి, పలకరేం?”

“వింటున్నాను.”

“ముప్పయ్యేళ్లకి విన్నారన్నమాట. ఇంకా నయం.”

“పక్క గడిలో ఎవర్నీ పెట్టలేదు” అన్నాడు.

ఆమె మాత్ర సంగతి మళ్లీ అడిగింది. తర్వాత, భుజం నొప్పి తగ్గకపోతే పెట్టెలు మొయ్యకండి అని చెప్పి ఫోన్ పెట్టేసింది.

భోజనం అయ్యాక అట్ట మీద మొదటి వరస నింపాడు. ఎడమ గడిలో మొదటి అక్షరం అని రాశాడు. సరికొత్తదాని కింద మింగుతుంది, మిగతా రెండింటి కింద మింగదు. ఇన్‌ఛార్జి వచ్చి చదివి, ఏం మింగుతుంది బాబాయ్, బ్యాటరీయా అని అడిగాడు. విషయం విన్నాక తల గోక్కున్నాడు. ఇలా రాస్తే కొత్తది ఎవరు కొంటారు, వందలో ఒకరికి పనికొచ్చే మాట మొదటి వరసలో ఎందుకు, రేపు చెరిపేద్దాం అన్నాడు. అతను వాదించలేదు. పెన్నుతో రాశాను, చెరగదు అని మాత్రం చెప్పాడు.

సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర దాకా మందపాటి ల్యాప్‌టాప్ దగ్గరే కూర్చున్నాడు. తెర వెలుతురు పూర్తిగా తగ్గించేసి, గొంతు విని మాత్రమే ఒక్కొక్కటీ అమర్చాడు. మొదట్లో నాలుగైదుసార్లు దారి తప్పాడు. వెనక్కి వచ్చి మళ్లీ వెళ్లాడు. ఆఖరున, ఫోన్లకు గాజు అతికించే జిగురు ఉందా అని ఫోన్ల సెక్షన్ అమ్మాయిని అడిగాడు. ఆ అమ్మాయి సీసా, ఒక అగ్గిపుల్ల తెచ్చింది. అగ్గిపుల్ల కొసతో ఎఫ్ మీద ఒక చుక్క, జె మీద ఒక చుక్క పెట్టాడు. ఆవగింజంత. ఊపిరి బిగబట్టి పెట్టాడు. తెల్లవారేదాకా ఎండాలి బాబాయ్, ముట్టుకోవద్దు అంది ఆ అమ్మాయి. చిన్న కాగితం మీద ముట్టుకోవద్దు అని రాసి ముందు పెట్టాడు.

చేతులు కడుక్కుని, చేతిసంచీ భుజానికి తగిలించుకుని, వెళ్లబోతూ ఆగాడు. పంతొమ్మిదేళ్ల అలవాటు. కళ్లు మూసుకుని, మీటలకు వెంట్రుకవాసి ఎత్తున వేళ్లు చాపి, చూపుడువేళ్లు చుక్కల మీదికే దిగుతాయో లేదో చూసుకున్నాడు. దిగాయి. ఎడమది అప్పటికే గట్టిపడుతోంది. కుడిది ఇంకా మెత్తగా ఉంది. వెంటనే వేలు తీసేశాడు.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. గాలి తగిలే వైపు. దారిలో కొన్న కూర సంచీ ఒళ్లో పెట్టుకున్నాడు. మధ్యలో ఎవరో పక్కన కూర్చున్నారు, లేచి దిగిపోయారు. చివరి స్టాపులో అందరూ దిగాక కండక్టరు వచ్చి భుజం తట్టాడు. ఇంకోసారి తట్టాడు. సంచీ ఒళ్లో నిలువుగానే ఉంది.

మర్నాడు దుకాణం గంట ఆలస్యంగా తెరిచారు. ఇన్‌ఛార్జి అట్టను గాజు కింద తనే పెట్టాడు, ఉన్నదున్నట్టుగా.

వదినా ఆడపడుచులు వచ్చేసరికి ఫోన్ల సెక్షన్ అమ్మాయి ఒక్కతే ఉంది. బాబాయ్ లేరండీ, నిన్న సాయంత్రం బస్సులో చనిపోయారు అని చెప్పింది. వదిన గాజు బల్ల మీద చెయ్యి ఆనించుకుంది. ఆడపడుచు, ల్యాప్‌టాప్ ఎక్కడుంది అని మాత్రం అంది. ఆ అమ్మాయి కాగితం తీసి పక్కన పెట్టి, ల్యాప్‌టాప్‌ను ఆమె ముందుకు జరిపి, కుర్చీ తెచ్చింది.

ఆమె కూర్చుని ఆన్ చేసింది. వరసలు ఇరవై అలాగే ఉన్నాయి. ఒకటి విని, ఫోన్లో మాట్లాడేంత సేపు ఆగి, మీట నొక్కింది. అసంపూర్ణం అంది గొంతు, మొదటి అక్షరంతో సహా. ఆమె మీటల మీద వేళ్లు సర్దుకుంది. ఎడమ చూపుడువేలి కింద చుక్క నున్నగా, చల్లగా ఉంది. కుడిది అలా లేదు. వేలు దాని మీద ఆగింది, మళ్లీ తడిమింది. ఎడమకూ కుడికీ తేడా తెలియడానికి ఇలా గీశారనుకుంది.

ఆవగింజంత జిగురు చుక్క మీద, జుట్టుపోగంత సన్నటి గీతలు నాలుగు, వేలి కొసన ఉండేవాటిలా పక్కపక్కనే వంపు తిరిగి, గట్టిపడి ఉన్నాయి.